తెరచాప ఎత్తే ముందు: విశాఖ తీరంలో గాలివానను ముందే పసిగట్టడం ఎలా

2020 అక్టోబర్ 13 తెల్లవారేసరికి విశాఖ తెన్నేటి పార్కు దిగువన రాళ్ల మధ్య ఒక సరకు నౌక చిక్కుకుని ఉంది. బంగ్లాదేశ్‌కు చెందిన ఆ నౌక పేరు ‘ఎం.వి. మా’. లంగరు వేసి ఉన్నా నిలవలేకపోయింది. గాలీ కెరటాలూ కలిసి దాన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాయి. అప్పుడు బంగాళాఖాతంలో ఉన్నది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. అది తీరం దాటింది కాకినాడ దగ్గర, మనకు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో. సరదాకి తెరచాప పడవ నడిపేవాళ్లూ, రుషికొండ నుంచి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద లోపలికి వెళ్లేవాళ్లూ ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. మన పడవలు బోల్తా పడడానికి పేరున్న తుపానే రానక్కర్లేదు. ఏప్రిల్ సాయంత్రం కొండల మీద నుంచి దిగే అరగంట ఈదురుగాలి చాలు.

అందుకే ఇక్కడ తుపాన్ల కంటే మామూలు రోజుల గురించే ఎక్కువ చెబుతున్నాను. వెళ్లాలా వద్దా అన్నది ఒడ్డున, కాళ్లు తడవకముందే తేలిపోవాలి. నీళ్లలోకి దిగాక గాలి బాగుంటే ఇంకాస్త దూరం పోదామనిపిస్తుంది, బాగోకపోతే ఆలోచించే వ్యవధి ఉండదు.

ముందుగా తీరం ఎటు తిరిగి ఉందో తెలుసుకోండి

మ్యాపు తెరిచి చూస్తే విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా కనిపిస్తుంది. సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంది. ఈ ఒక్క విషయం తెలిస్తే గాలి సమాచారంలో సగం అర్థమైనట్టే. వాయవ్య గాలి మిమ్మల్ని ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంది. ఆగ్నేయ గాలి ఒడ్డుకు తోస్తుంది. నైరుతి, ఈశాన్య గాలులు ఒడ్డు వెంబడి వీస్తాయి. గాలికి అది వచ్చే దిక్కును బట్టి పేరు పెడతారు, సముద్ర ప్రవాహానికి మాత్రం అది పోయే దిక్కును బట్టి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

వీటిలో వాయవ్య గాలి అన్నిటికంటే మోసకారి. ఒడ్డున నిలబడి చూస్తే నీరు నున్నగా ఉంటుంది, ఎందుకంటే కెరటం లేవడానికి గాలికి కావలసినంత నీటి మేర అక్కడ దొరకదు. కిలోమీటరు లోపలికి వెళ్లాక వెనక్కి తిరిగితే అదే గాలి ముఖానికి కొడుతుంది. కయాక్‌ల వాళ్లు అలసిపోయి లోపలికి కొట్టుకుపోయేది సరిగ్గా ఇలాంటి ప్రశాంతమైన ఉదయాల్లోనే. 

డాల్ఫిన్ నోస్ కొండ నైరుతి నుంచి వచ్చే కెరటాలను చాలావరకు అడ్డుకుంటుంది. దాని చాటున ఉన్న నీటిని చూసి, కొండ దాటాక యారాడ వైపు కూడా అలాగే ఉంటుందనుకోవద్దు. నౌకాశ్రయం ముఖద్వారానికీ, నౌకాదళం పరిధిలోని నీటికీ ఎలాగూ దూరంగానే ఉండాలి.

ఏ నెలలో ఏం ఎదురవుతుంది

జనవరి, ఫిబ్రవరి నేర్చుకునేవాళ్లకు అనువైన కాలం. గాలి మితంగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది.

మార్చి నుంచి వేడి పెరుగుతుంది. నేల త్వరగా కాగుతుంది, నీరు నెమ్మదిగా కాగుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేవగానే సముద్రం మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. ఉదయం పదింటి తరువాత మొదలయ్యే ఈ సముద్రపు గాలి మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య బాగా పుంజుకుంటుంది. ఉదయం గాలి వేగం ఎనిమిది నాట్లు (గంటకు సుమారు 15 కిలోమీటర్లు) ఉందని బయలుదేరినవారికి తిరిగి వచ్చే వేళకు పదహారు ఎదురుకావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తోడు తూర్పు కనుమల మీద ఉరుముల మేఘాలు పుడతాయి. అరకు, పాడేరు వైపు మధ్యాహ్నం పేరుకున్న మబ్బు పై గాలులకు కొట్టుకుని సాయంత్రానికి తీరం మీదికి వస్తుంది. దీని గురించి తరువాత వివరంగా చెబుతాను. ఈ కాలంలోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, తూర్పు తీరంలో మర పడవల చేపల వేటకు నిషేధం ఉంటుంది. అంటే మీకు ఇబ్బంది వస్తే చేయి అందించే మర పడవలు సముద్రంలో బాగా తక్కువ. ఆ రెండు నెలలూ మీ పరిధిని మీరే సగానికి తగ్గించుకోండి.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలు. గాలి నిలకడగా బలంగా ఉంటుంది, అప్పుడప్పుడు వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు గాలి ఈశాన్యానికి మారుతుంది, తీరం వెంబడి ప్రవాహం నైరుతికి పోతుంది. రుషికొండ దగ్గర తెరచాప కొయ్య విరిగిన పడవ ఈ కాలంలో ఓడల దారి వైపు కొట్టుకుపోతుంది. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కూడా ప్రధానంగా ఇదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది.

వాతావరణ శాఖ మాటలను అంకెల్లోకి మార్చుకోండి

ఉపరితల ఆవర్తనం, అల్పపీడనం, వాయుగుండం అని పేపర్లో రోజూ చదువుతూనే ఉంటాం. ఈ మాటల వెనుక గాలి వేగాలు ఉన్నాయి. ఉపరితల ఆవర్తనం అంటే పైన ఎక్కడో గాలి సుడి తిరుగుతోందన్న సూచన. అది కిందికి దిగి సముద్రమట్టంలో పీడనం తగ్గితే అల్పపీడనం. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. తుపాను అన్నాకే దానికి పేరు పెడతారు. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను.

ఇప్పుడు దీన్ని మన పడవ వైపు నుంచి చూడండి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ‘తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, ఒక్కొక్కసారి 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అన్న వాక్యం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే చదివి పేజీ తిప్పేస్తాం. నాట్లలో అది 24 నుంచి 30, ఉధృతంగా వీచినప్పుడు 35. పన్నెండు అడుగుల తెరచాప పడవకు అందులో చోటు లేదు. పైగా గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. పది నాట్లలో హాయిగా నడిపిన పడవ మీద ముప్పై నాట్లలో తొమ్మిదింతల బలం పడుతుంది. చేతుల్లో ఎంత సత్తువ ఉన్నా ఆ లెక్కకు చాలదు.

మీ హద్దు అంకెల్లో రాసి పెట్టుకోండి. నా సలహా ఇది: మొదటి ఏడాదివారు 12 నాట్లు దాటితే దిగవద్దు. చేయి తిరిగినవారు చిన్న పడవకు 18 నాట్ల దగ్గర గీత గీసుకోవాలి. సూచనలో చెప్పేది సగటు వేగం. మధ్యమధ్య వచ్చే విసురు దానికి నలభై శాతం ఎక్కువగా ఉండడం మామూలే. కాబట్టి 18 అని ఉంటే 25కు సిద్ధపడాలి. ఈ హద్దును స్నేహితుల ముందు, సెలవు రోజున, ఎండ బాగున్నప్పుడు సడలించడం మొదలుపెడితే ఇక హద్దు ఉన్నట్టు కాదు.

మూడు రోజుల ముందు

భారత వాతావరణ శాఖ న్యూఢిల్లీ కేంద్రం బంగాళాఖాతం, అరేబియా సముద్రాల మీద రోజూ ఒక సమీక్ష విడుదల చేస్తుంది. రాబోయే ఏడు రోజుల్లో వాయుగుండం ఏర్పడే అవకాశం లేదా, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని అందులో రోజువారీగా ఉంటుంది. గురువారాల్లో వచ్చే మరో నివేదికలో రెండు వారాల అంచనా చూడవచ్చు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం మన తీరానికి ప్రత్యేకంగా మత్స్యకారుల హెచ్చరికలు ఇస్తుంది. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని ఉంటే దాని అర్థం మనకూ వర్తిస్తుంది. పుట్టి పెరిగిందంతా సముద్రం మీదే అయినవారిని ఆగమన్న రోజున వారాంతపు సెయిలర్లకు మినహాయింపు ఏమీ లేదు.

కెరటాల కోసం హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైటు చూడండి. కెరటాల ఎత్తు, దిశ, వ్యవధి, ప్రవాహం, అన్నీ తీరాల వారీగా దొరుకుతాయి. ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా చదవాలి. మొదటిది ఎత్తు. ‘రెండు మీటర్లు’ అని చెప్పేది ఆ సమయంలో వచ్చే కెరటాలను ఎత్తు వారీగా పేర్చి, పైన ఉన్న మూడో వంతుకు తీసిన సగటు. కొన్ని గంటలు నీటిలో ఉంటే దానికి రెట్టింపు, అంటే నాలుగు మీటర్ల కెరటం ఒకటైనా ఎదురుకావచ్చని ముందే లెక్కలో ఉంచుకోవాలి. 

రెండోది వ్యవధి, ఒక కెరటానికీ తరువాతి కెరటానికీ మధ్య సెకన్లు. ఇక్కడి గాలికి లేచిన కెరటాలు నాలుగైదు సెకన్లకు ఒకటి వస్తాయి. పన్నెండు సెకన్లు దాటితే అవి ఎక్కడో దూరాన పుట్టి వస్తున్నవి. లోతు నీటిలో వాటిని గమనించనే గమనించరు, పడవ మెల్లగా లేచి దిగుతుంది. కానీ ఒడ్డు దగ్గర అవే ఎత్తుగా లేచి విరుచుకుపడతాయి. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన కెరటాలు వేల కిలోమీటర్లు దాటి, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా మన తీరాన్ని ముంచెత్తగలవు. అలాంటప్పుడు ఇన్‌కాయిస్ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. గాలి లేదు కదా అని ఆ హెచ్చరికను పక్కన పెట్టకండి. పడవ దింపడం, ఎక్కించడం ఆ రోజు ప్రమాదకరం. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఇలాంటి రోజుల్లోనే మరింత బలపడతాయి.

ముందు రోజు రాత్రి

ఫోన్లో గాలి మ్యాపులు చూపించే యాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి. వాటిని వాడండి, కానీ ఒకే రంగు బొమ్మను నమ్ముకుని పడుకోకండి. ఆ యాప్‌లలో వాతావరణాన్ని కంప్యూటర్ మీద లెక్కకట్టే నమూనాలు కనీసం రెండు ఉంటాయి, యూరప్ వారిది ఒకటి, అమెరికా వారిది ఒకటి. రెండూ ఒకే మాట చెబితే కొంత నమ్మకం. ఒకటి ఎనిమిది నాట్లనీ మరొకటి పదిహేడనీ అంటే వాతావరణం ఇంకా తేలలేదని అర్థం చేసుకోండి, పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఈ నమూనాలు ప్రపంచాన్ని పది, పదిహేను కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి. కైలాసగిరి, యారాడ కొండ వాటికి సరిగా కనిపించవు. కొండ సందుల్లోంచి వచ్చే విసురుగాలి, మధ్యాహ్నపు సముద్రపు గాలి తీవ్రత అక్కడ తక్కువగానే చూపిస్తాయి.

అన్నట్టు, వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాల మీదా, కొన్ని నివేదికల మీదా వేసే సమయం గ్రీనిచ్ కాలమానం. దానికి ఐదున్నర గంటలు కలపాలి. చిత్రం మీద 0600 అని ఉంటే అది మనకు ఉదయం పదకొండున్నర. ఈ లెక్క తప్పితే దాటిపోయిన మబ్బు కోసం ఎదురుచూస్తారు, వచ్చే మబ్బును వదిలేస్తారు.

ఆ రాత్రి చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టిందేమో కూడా చూడండి. చాలా ఎత్తున పరుచుకున్న మంచు స్ఫటికాల పలుచని మబ్బులోంచి వెన్నెల వంగడం వల్ల ఆ వలయం ఏర్పడుతుంది. పెద్ద మేఘ వ్యవస్థల అంచు మనల్ని ముందుగా తాకేది ఆ మబ్బుతోనే. అది కనిపించిన ప్రతిసారీ వాన పడదు. కానీ సమీక్షలో అల్పపీడనం మాట ఉండి, పైన గుడి కూడా కనిపిస్తే ఆ రెండింటినీ కలిపి చదవాలి.

ఉదయం, బయలుదేరే ముందు

ఇంట్లో ఉండగా చూడవలసినవి రెండే. విశాఖ డాప్లర్ రాడార్ చిత్రంలో జోరు వానను చూపే పసుపు, ఎరుపు ముద్దలు ఎక్కడున్నాయి, గత గంటలో ఎటు జరిగాయి. తరువాత, రాబోయే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ హెచ్చరిక. పిడుగుల కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ ఫోన్లో ఉంచుకోండి.

వాయుపీడనం కొలిచే పరికరం ఉంటే, లేదా మీ ఫోన్లోనే ఆ సెన్సర్ ఉంటే, దాన్ని రోజూ ఒకే వేళకు చూసి రాసుకునే అలవాటు చేసుకోండి. ఒకే వేళకు ఎందుకంటే మన ప్రాంతంలో పీడనం రోజుకు రెండుసార్లు తనంతట తానే లేస్తుంది, దిగుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. ఈ తేడా మూడు హెక్టోపాస్కల్స్ (వాయుపీడనాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. అది తెలియనివారు మధ్యాహ్నం ముల్లు దిగగానే కంగారు పడతారు. రుతువును బట్టి కూడా మారుతుంది. జనవరిలో 1014 దరిదాపుల్లో ఉండేది జూన్, జూలైలలో 1000 దరిదాపులకు దిగుతుంది. కాబట్టి ఆ నెలలో, ఆ వేళకు మామూలుగా ఉండే విలువతోనే పోల్చాలి. దానికంటే మూడు తగ్గితే అనుమానించాలి. ఐదు తగ్గితే సుమారు 200 నాటికల్ మైళ్లలోపు, అంటే 370 కిలోమీటర్లలోపు తుపాను ఉందన్నది నావికులు చాలాకాలంగా పాటించే లెక్క. అప్పుడు యాప్ ఏం చెప్పినా దిగే ప్రసక్తి లేదు.

తీరానికి చేరాక పడవ దగ్గరికి పరుగెత్తకండి. ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. కెరటాలు ఎన్ని సెకన్లకు ఒకటి వస్తున్నాయో లెక్కపెట్టండి. దూరాన నీటి మీద తెల్ల నురగ అక్కడక్కడా కనిపిస్తే గాలి ఏడు నుంచి పది నాట్లు, తరచుగా కనిపిస్తే పదకొండు నుంచి పదహారు, ఎటు చూసినా నురగే అయితే పదిహేడు దాటినట్టే. ఆ అంచనాను రాత్రి చూసిన సూచనతో పోల్చండి. సూచన ఎనిమిదని చెప్పి, ఎదురుగా సముద్రం పదిహేను చూపిస్తుంటే ఏదో ముందే వచ్చేసింది. సముద్రం చెప్పిందే నిజం.

పెదజాలరిపేట ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఎవరైనా ఉంటే అడగండి. ‘తాతా, సముద్రం ఎలా ఉంది? వెళ్లొచ్చా?’ అని అడిగితే ‘బాగానే ఉంది బాబూ’ అన్న మర్యాద జవాబు వస్తుంది. ‘మధ్యాహ్నం గాలి ఎటు తిరుగుతుంది తాతా? నీరు ఎటు లాగుతోంది?’ అని అడగండి. అప్పుడు ఆయన వల పక్కన పెట్టి, నీటి వంక చూసి జవాబు చెబుతారు. ఆ రెండో జవాబుకు ఏ యాప్ కంటే నేనైతే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే అది ఆ ఒడ్డుకు, ఆ పూటకు సంబంధించినది. పడవలన్నీ ఇసుక మీద పైకి లాగి కనిపిస్తే అసలు అడగనక్కర్లేదు.

చివరిగా, ఎటు వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఒడ్డున ఉండే ఒక మనిషికి చెప్పండి. ఆ వేళ దాటి అరగంటైతే తీర గస్తీ దళం నంబరు 1554కు ఫోను చేయమని చెప్పి వెళ్లండి. 112 కూడా పనిచేస్తుంది. పడవల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే దాన్ని 16వ చానల్ మీద ఉంచండి. ఫోను నీళ్లు చొరని సంచిలో, మెడకు కట్టి ఉండాలి. లైఫ్ జాకెట్ పడవలో ఉండడం వేరు, ఒంటి మీద ఉండడం వేరు.

నీటి మీద ఉండగా

ఏప్రిల్, మే సాయంత్రాల ఈదురుగాలి ఎలా వస్తుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే విశాఖలో సరదా పడవలకు అసలైన ముప్పు ఇదే. మూడు గంటల దాకా సముద్రపు గాలి నిలకడగా వీస్తుంటుంది. ఉన్నట్టుండి పడిపోతుంది. తెరచాప వేలాడుతుంది, నీరు నూనె పోసినట్టు అవుతుంది, ఉక్క పోస్తుంది. పడమటి వైపు చూస్తే కొండల మీద తెల్లగా పైకి ఉబికిన మబ్బు తల చదునుగా పరుచుకుని ఉంటుంది. దాని అడుగు నల్లగా, గీత గీసినట్టు ఉంటుంది. చాలామంది ఈ సమయంలో గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ కూర్చోవడంలోనే ఉన్న వ్యవధి అంతా పోతుంది.

తరువాత ఒడ్డు వైపు నుంచి చల్లని ఊపిరి ఒకటి తగులుతుంది. దానితో పాటు తడి మట్టి వాసన. సముద్రం మీద మట్టి వాసన వచ్చిందంటే గాలి నేల మీద నుంచి తిరిగింది, అక్కడెక్కడో వాన పడుతోంది. ఆ వెంటనే ఒడ్డుకూ మీకూ మధ్య నీటి మీద ఒక నల్లటి చార కనిపించి మీ వైపు జరుగుతుంది. అదే గాలి అంచు. వాన కంటే ముందు వస్తుంది. గంటకు నలభై ఐదు కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆ అంచు ఐదు కిలోమీటర్ల దూరం నుంచి మిమ్మల్ని చేరడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు. గాలి ఆగిపోయి, పడమర నల్లబడిన క్షణంలోనే తెడ్లు తీసి ఒడ్డుకు మళ్లాలి. వాసన తగిలాక ఒడ్డు చేరే ప్రయత్నం చాలించి తెరచాప దించేయాలి.

మెరుపు కనిపించిన వెంటనే సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినిపించేసరికి ఎన్ని సెకన్లయితే దాన్ని మూడుతో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరంలో పిడుగు పడింది. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు. అప్పటికి మీరు ఒడ్డున ఉండాలి. చదునైన నీటి మీద మీ తెరచాప కొయ్యే అన్నిటికంటే ఎత్తైనది. చివరి ఉరుము వినిపించిన తరువాత ముప్పై నిమిషాల దాకా మళ్లీ దిగవద్దు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు గమనించవలసింది వేరే. గాలికి వీపు చేసి నిలబడండి. మన అర్ధగోళంలో అల్పపీడన కేంద్రం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధి. నవంబర్‌లో బలమైన ఈశాన్య గాలికి వీపు చేస్తే మీ ముఖం డాల్ఫిన్ నోస్ వైపు ఉంటుంది, ఎడమ చేయి సముద్రం వైపు చూపిస్తుంది. అంటే కేంద్రం దక్షిణ ఆగ్నేయంగా, బంగాళాఖాతంలో ఉంది. అక్కడి నుంచి గాలి దిశ ఎలా మారుతుందో కనిపెట్టండి. గడియారం ముళ్లు తిరిగినట్టు ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి మారుతుంటే అది మనకు దక్షిణంగా తీరం దాటుతోంది, సముద్రం ఒడ్డు మీదికి వస్తుంది. ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే మనకు ఉత్తరంగా దాటుతోంది. దిశ మారకుండా గాలి పెరుగుతూ, పీడనం పడిపోతూ ఉంటే అది నేరుగా మీ మీదికే వస్తోంది. ఇదంతా ఒడ్డున నిలబడి నేర్చుకోవలసిన విద్య, పడవలో పరీక్షించవలసినది కాదు.

చిక్కుకుపోతే

తెరచాప పూర్తిగా దించి, కట్టేయండి. సగం దించిన గుడ్డ రెపరెపలాడుతూ పడవను తిప్పేస్తుంది. బరువంతా కిందికి తెచ్చి కూర్చోండి. 

వాయవ్య గాలి అయితే లంగరు వేయండి. చిన్న పడవలో లంగరు ఎందుకని చాలామంది తీసుకెళ్లరు. కానీ మిమ్మల్ని లోపలికి కొట్టుకుపోకుండా ఆపగలిగేది అదొక్కటే. తాడు లోతుకు కనీసం ఐదింతలు ఉండాలి, పది మీటర్ల నీటిలో యాభై మీటర్లు. తాడు పొట్టిదైతే లంగరు నేలను పట్టుకోదు, ఈడ్చుకుంటూ వస్తుంది. ఇలాంటి గాలి సాధారణంగా అరగంట, గంటలో శాంతిస్తుంది. అప్పటిదాకా నిలదొక్కుకుంటే చాలు.

తూర్పు, ఆగ్నేయ గాలిలో ఇబ్బంది తిరగబడుతుంది. ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది, గాలి అటే తోస్తుంది, మనసూ అటే లాగుతుంది. తెన్నేటి పార్కు నుంచి జోడుగుళ్లపాలెం దాకా ఒడ్డున చాలాచోట్ల రాళ్లున్నాయి. కెరటాలు విరిగే చోట పడవ అడ్డం తిరిగితే మనిషీ పడవా కలిసి రాళ్ల మీద పడతారు. అక్కడ కూడా లంగరే శరణ్యం, కెరటాలు విరిగే గీతకు బాగా బయట, పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా. ఆ తరువాత రేడియోలోనో ఫోన్లోనో సాయం అడగండి. అవసరం ముదరకముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు.

బోల్తా పడితే పడవను వదలకండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ పోవద్దు. నీటిలో మనిషి తల దూరం నుంచి కనిపించదు, తిరగబడిన పడవ అడుగు కనిపిస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

ఇక్కడ సముద్రంలోకి వెళ్లే ప్రశ్నే లేదు, పడవను కాపాడుకోవడమే పని. పోర్టులో ఎగరేసే తుపాను సూచికల్లో ఒకటి, రెండు దూరంగా ఉన్న ముప్పును చెబుతాయి. మూడు అంటే రేవులో ఈదురుగాలులు వీస్తాయని. నాలుగు అంటే రేవులోని ఓడలకు ముప్పు రావచ్చని. ఐదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. ఐదు కంటే ఆరు తీవ్రమైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ తేడా దిశకు సంబంధించినది. ఐదు అంటే తుపాను రేవును తన ఎడమ వైపు ఉంచుకుని దాటుతుందని, ఆరు అంటే కుడి వైపు ఉంచుకుని దాటుతుందని, ఏడు అంటే రేవు మీదుగా గానీ బాగా దగ్గరగా గానీ దాటుతుందని. తీవ్ర తుపానుకు ఎనిమిది, తొమ్మిది, పది ఇదే వరుసలో ఉంటాయి. పదకొండు అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మూడో సూచిక పడేనాటికే మీ పడవ ఒడ్డున ఉండాలి. తెరచాప కొయ్య దించి, తెరచాప, తాళ్లు ఇంటికి తీసుకెళ్లండి. పడవను బోర్లించి, పోటు నీరు చేరే గీతకు చాలా పైన, భూమిలో దిగ్గొట్టిన గుంజలకు కట్టండి. ఇసుకలో పాతిన గుంజ నిలవదు. మన దగ్గర పోటుపాట్ల తేడా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరు. దాని మీద ఉప్పెన, ఆ పైన కెరటాలు. మామూలు రోజున నీరు ఎక్కడిదాకా వస్తుందో చూసి వేసుకున్న అంచనా ఆ రోజు పనికిరాదు.

హుద్‌హుద్‌లో గంటకు 170 కిలోమీటర్లకు పైగా గాలి వీచింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. కాబట్టి తుపాను తీరానికి చేరే గంటల్లో ఫోన్లో చిత్రాలు చూసి నిర్ణయాలు తీసుకోవచ్చన్న ఆలోచన పెట్టుకోకండి. కరెంటు, టవర్లు, రాడార్ ఏవీ ఉండకపోవచ్చు. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి. తుపాను కన్ను మీదుగా పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగుతుంది, ఆకాశం కాస్త తేటపడుతుంది. ఆ నిశ్శబ్దంలో పడవ ఎలా ఉందో చూసి వద్దామని బయటకు వెళ్లకండి. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా మొదలవుతుంది.

సూచికలు దించిన మరునాడే దిగాలని తొందర వద్దు. గాలి తగ్గినా పొడవాటి కెరటాలు మరి కొన్ని రోజులు వస్తూనే ఉంటాయి. వరద నీటితో కొట్టుకొచ్చిన దుంగలు, వలల ముక్కలు నీటి మట్టానికి కాస్త కింద తేలుతుంటాయి, పైకి కనిపించవు. భీమిలి దగ్గర గోస్తనీ కలిసే చోట ఇసుక మేటలు స్థలం మారి ఉంటాయి. తెలిసిన దారే కదా అని అక్కడ పడవ నడపకుండా, మొదట పాటు వేళ ఒడ్డు వెంట నడిచి మేటలు ఎక్కడ తేలాయో చూసుకోండి.